నరం లేని నాలుక

ట్రంపెట్ వాయించేవాళ్ళు నలుగురు చేరిన చోట ఐదోవాడొకడు తప్పకుండా ఉంటాడు. వాయిద్యం ఒళ్ళో ఉంటుంది, మౌత్‌పీస్ జేబులో ఉంటుంది. స్వరాన్ని నాలుకతో ఎత్తుకోవడాన్ని టంగింగ్ అంటారు కనక ఆయన్ని టంగింగ్ పండితుడందాం. ఎవరి స్వరం చిట్లినా జబ్బు ఆయనకు ఇట్టే తెలిసిపోతుంది: నాలుక. 'తు' అనాల్సిన చోట 'దు' అన్నావంటాడు. మూసిన నోట్లో ఏం జరుగుతోందో బయట కూర్చుని చూడగలగడం పళ్ళ డాక్టర్లకు కూడా లేని సిద్ధి. అలాగని ఆధారాలు లేకుండా మాట్లాడే మనిషి కాడు. 1638లోనే ఫాంతీని అనే ఇటలీ వాద్యకారుడు స్వరాల కింద అక్షరాలు రాసి పుస్తకం వేశాడు. 1864లో ఫ్రెంచివాడు ఆర్బన్ రాసిన కార్నెట్ బోధిని ఇప్పటికీ ట్రంపెట్ వాళ్ళ పెద్దబాలశిక్ష. మూడేసి స్వరాలకు 'తుతుకు', రెండేసికి 'తుకు' అని అందులో ఉంది. పండితుడికి ఆ అక్షరాలన్నీ కంఠస్థం. బండి అక్కడే ఆగింది.

నిజానికి నాలుక చేసే పని బహు స్వల్పం. కొస పైపళ్ళ వెనక ఆని గాలిని ఆపుతుంది, వెంటనే తప్పుకుంటుంది. ఆ గాలికి పెదవులు అదిరి స్వరం పుడుతుంది. గాలి చాలకపోతే ఎంత శుద్ధంగా 'తు' అన్నా వినపడేది టప్పుమనే చప్పుడే. నాలుక కదపకుండా ఊపిరితోనే స్వరం ఎత్తుకోవచ్చు గానీ, ఊపిరి లేకుండా నాలుకతో ఎత్తుకోవడం ఎవరి తరమూ కాదు. మరి ఆర్బన్ పేజీలకు పేజీలు ఎందుకు నింపినట్టని పండితుడు అడుగుతాడు. మంచి ప్రశ్నే. వేగం పెరిగేకొద్దీ నాలుక కొస ఒక్కటే పని మొత్తం మోయలేదు; వెనకభాగం 'కు' అంటూ వంతు పంచుకోవాలి. అది కాస్త మొద్దు, దానికి సాధన కావాలి. ఆ పేజీలు వాయించడానికి రాసినవి, వాదించడానికి కాదు. (కొస అలిసిపోవడమన్నది మాట్లాడేటప్పుడు ఆయనకు వర్తించదు.)

అక్షరభేదం ఉందన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. ఫ్రెంచివాడి 'తు' పళ్ళను తాకుతుంది. ఇంగ్లీషువాడిది చిగురు మీద పడి మన చెవికి 'టు' అనిపిస్తుంది. తకిట, తకధిమి విన్న తెలుగువాడికి ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు. కానీ పళ్ళవరస, అంగిలి మనిషికో తీరు. ఫ్రెంచి నోటికి రాసిన అక్షరం అందరి నోళ్ళకూ అచ్చుగుద్దినట్టు అతకదు. పండితుణ్ణి కలిసినప్పుడు చర్చకు దిగకండి. నాలుక ఆడించకుండా ఒక్క స్వరం ఎత్తుకోమని అడగండి, చాలు. జేబులోని మౌత్‌పీస్ బయటికి రాదు.