రెండడుగుల పట్టాల మీద 143

రైల్వే రిజిస్టర్లలో ‘నేను’ అని రాసుకోవడానికి గడి ఉండదు. అందుకే ఈ ఆవిరి ఇంజను తన కథ చెప్పేటప్పుడు తనను 143 అనే చెప్పుకుంటుంది. తెలుగు కుర్రకారు ఆ అంకెకు వేరే అర్థం చెప్పుకుంటారని దానికి తెలుసు. అలాంటిదేమీ లేదు, వరసలో వచ్చిన నంబరు, అంతే.

143 పుట్టింది 1958లో, మాంచెస్టర్‌లోని బేయర్ పీకాక్ కార్ఖానాలో. ఆ కార్ఖానా తయారుచేసిన చిట్టచివరి ఆవిరి ఇంజను ఇదే. ఆర్డరిచ్చింది ఇప్పుడు నమీబియా అని పిలిచే దేశంలోని త్సుమెబ్ గనుల కంపెనీ. ఈలోగా అక్కడి లైనును వెడల్పు చేయాలని నిర్ణయించారు. రెండడుగుల పట్టాల ఇంజనుకు ఇంకక్కడ పనేముంది? దక్షిణాఫ్రికా రైల్వే పుచ్చుకుని నాటాల్‌లో చెరకు, కలప మోసే లైన్ల పనికి పెట్టింది. నాటాల్ పేరు ఆంధ్ర ఉత్తర కోస్తాకు కొత్తది కాదు. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి అక్కడి చెరకు తోటలకు కూలికి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. 143 వెళ్లేనాటికి వాళ్ల మనవలు, మునిమనవలు ఆ నేల మీదే స్థిరపడ్డారు.

ఇంజను ఆకారం చూసినవాళ్లు ముందు కాస్త తికమకపడతారు. మధ్యలో బాయిలరు, ముందొక చక్రాల బండి, వెనకొక చక్రాల బండి. ఇద్దరు బోయీల మధ్య పల్లకీ వేలాడినట్టు బాయిలరు ఆ రెండింటి మధ్య కూర్చుంటుంది. మలుపు వచ్చినప్పుడు ముందు బండి ఒక వైపు తిరుగుతుంది, వెనక బండి తన వీలు చూసుకుంటుంది. బాయిలరు కింద చక్రాలు అడ్డం ఉండవు కాబట్టి దాన్నీ, పొయ్యినీ లావుగా కట్టుకోవచ్చు. సన్న పట్టాల మీద ఇంత బలం అలా వచ్చింది. ఈ ఉపాయానికి 1907లో పేటెంటు తీసుకున్నవాడు హెర్బర్ట్ గారట్. అందుకే వీటిని గారట్‌లు అంటారు.

ఆఫ్రికా నుంచి 1997లో 143 వేల్స్ చేరింది. అది నడవాల్సిన లైను అప్పటికి చాలావరకు లేదు. వెల్ష్ హైలాండ్ రైల్వే 1923లో పూర్తిగా తెరుచుకుని, నష్టాల్లో పడి, 1937లో మూతపడింది. 1941లో యుద్ధం అవసరాల కోసం పట్టాలు పీకేశారు. మళ్లీ వేస్తామంటే ఊరూరా సంబరపడ్డారని అనుకోకండి. పొలాల మధ్యగా రైలు వద్దని రైతులు, పాత కట్ట మీద నడవడానికి అలవాటుపడ్డవాళ్లు గట్టిగానే ఎదిరించారు. బహిరంగ విచారణ జరిగింది. చివరికి 1999లో ఉప ప్రధాని జాన్ ప్రెస్కాట్ అనుమతి ఇచ్చారు. జీతం తీసుకోని వలంటీర్ల చెమట ఇందులో చాలా ఉంది. 2009లో పట్టాలు బెత్‌గెలర్ట్ చేరాయి, 2011లో పోర్త్‌మడోగ్ హార్బర్ దాకా వెళ్లాయి. ఈ చివర కెర్నార్‌వన్ కోట గోడల దగ్గర బయల్దేరితే మొత్తం 25 మైళ్లు, అంటే 40 కిలోమీటర్లు.

కెర్నార్‌వన్ నుంచి బయల్దేరి వాన్‌వౌర్ స్టేషన్ దాటాక లోయ ఇరుకవుతుంది. ఎడమ చేతివైపు ఎర్ వుద్‌వా, అంటే స్నోడన్, 1085 మీటర్ల శిఖరం. వేల్స్‌లో దీనికి మించినది లేదు. చాలాసార్లు అది మబ్బులోనే ఉంటుంది. దానికోసమే వచ్చినవాళ్లు కిటికీ అద్దం తుడిచి తుడిచి విసుక్కుంటారు. రిద్ ది స్టేషన్‌లో కొందరు బూట్లు బిగించి దిగి కాలిబాట పడతారు. ఆ తర్వాత కాసేపటికి లైనులో ఎత్తయిన చోటు, సుమారు 650 అడుగులు. అక్కడి నుంచి దిగుడే, నలభై అడుగులకు ఒక అడుగు చొప్పున. అడవిలో పట్టాలు మెలికలు తిరుగుతాయి. కాసేపు కుడి కిటికీలో ఉన్న కొండ ఎడమ కిటికీలోకి మారుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది.

143కి అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో, అక్టోబరు వానల్లో. రాలిన ఆకులు పట్టాల మీద నలిగి జిగురవుతాయి. ఎత్తెక్కుతున్న చక్రం పట్టు తప్పి గిర్రున తిరుగుతుంది. డ్రైవరు వెంటనే ఆవిరి తగ్గిస్తాడు. చక్రాల ముందు వంగి ఉన్న చిన్న గొట్టాల నుంచి పొడి ఇసుక పట్టా మీద పడుతుంది. ఇసుక నలిగిన కరకర వినిపించిందంటే పట్టు దొరికినట్టే. ఫైర్‌మన్ అప్పుడు మళ్లీ పార అందుకుంటాడు.

ఇక బెత్‌గెలర్ట్. గ్లాస్లిన్, కోల్విన్ అనే రెండు ఏర్లు కలిసే చోట నల్లరాతి ఇళ్లు, ఒక రాతి వంతెన, నాలుగు సత్రాలు, ఐస్‌క్రీం కోసం వరస. రైలు దిగినవాళ్లలో ఎక్కువమంది ఏటి పక్కన పొలంలో ఉన్న కుక్క సమాధికే వెళతారు. కథ ఇదీ: 13వ శతాబ్దపు రాజు లెవెలిన్ వేట నుంచి వచ్చేసరికి ఊయల తిరగబడి ఉంది, పెంపుడు కుక్క గెలర్ట్ మూతికి నెత్తురు. బిడ్డను చంపిందనుకుని కత్తి దూశాడు. ఆ తర్వాత చూస్తే బిడ్డ క్షేమం, పక్కన తోడేలు కళేబరం. పంచతంత్రంలో బ్రాహ్మణుడి ఇంటి ముంగిస కథ విన్న తెలుగువాడికి ఇది ఎక్కడో విన్నట్టే ఉంటుంది. ఆ కథే దేశాలు తిరిగి ఇక్కడికొచ్చిందని జానపద కథలు వెతికినవాళ్లు చెబుతారు. సమాధి మాత్రం 18వ శతాబ్దం చివర్లో గోట్ హోటల్ యజమాని డేవిడ్ ప్రిచర్డ్ పేర్పించిన రాళ్లే అంటారు. యాత్రికులు రావాలిగా మరి! అది తెలిసినా జనం అక్కడ కళ్లు తుడుచుకుంటారు. 143కి ఇందులో తప్పేమీ కనపడదు. నాటాల్ చెరకు లైన్ల ఇంజను వేల్స్ కొండల్లో కూత వేస్తుంటే, ముంగిస కుక్కయితే ఏం?

అలా చూస్తే ఈ చుట్టుపక్కల వలస వచ్చినవే ఎక్కువ. 143 పుట్టిన 1958లోనే ఈ కొండలు చైనాగా నటించాయి. ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ కథానాయికగా ‘ది ఇన్ ఆఫ్ ది సిక్స్త్ హ్యాపీనెస్’ సినిమా కోసం దగ్గర్లోనే చైనా ఊరి సెట్టు వేశారు, లివర్‌పూల్ నుంచి చైనీయులను పిలిపించారు. ఆ సినిమాలోని బంగారు రంగు బుద్ధుడు ఇప్పుడు దగ్గర్లోని పోర్ట్‌మేరియన్ అనే ఊళ్లో ఉన్నాడు. జూన్‌లో వాలంతా ఊదా రంగు పూలు పూస్తే ప్రయాణికులు ఫోన్లు తీస్తారు. అవి రోడోడెండ్రాన్లు, బయటి నుంచి తెచ్చి నాటినవి. ఓక్ చెట్ల కింద ఇంకో మొక్కను మొలవనివ్వవు కాబట్టి ఎరీరి నేషనల్ పార్కు వాళ్లు ఏళ్ల తరబడి నరికిస్తూనే ఉన్నారు. ఫోటో తీసేవాళ్లదీ నిజమే, నరికేవాళ్లదీ నిజమే.

ఊరు దాటగానే అబెర్‌గ్లాస్లిన్ కనుమ. రెండు వైపులా నిటారు రాయి, కింద తెల్లగా నురగలు కక్కే ఏరు, మధ్యలో సొరంగాలు. పట్టాలు లేని రోజుల్లో ఆ సొరంగాల్లోంచి నడిచినవాళ్లకు ఇప్పుడు నీటి అంచున ఉన్న జారుడు బాటే గతి. ఆ బాట మీద చేతులతో రాయి పట్టుకుని వెళ్లేవాళ్లు తలెత్తి చూస్తే పైన 143 పొగ. ఒకప్పుడు సముద్రపు పోటు ఈ కనుమ కింది వంతెన దాకా వచ్చేది. 1811లో విలియం మడాక్స్ కాబ్ అనే పెద్ద కట్ట కట్టించి నీటిని ఆపాడు. కనుమ దాటాక పట్టాలకు రెండు పక్కలా ఉన్న పచ్చిక అప్పుడు తేలిన నేలే. అక్కడ పాంట్ క్రోసోర్ దగ్గర ఏటా వసంతంలో ఆస్ప్రే గద్దలు ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చి గూడు కడతాయి. 143 ఓడలో వచ్చింది కాబట్టి వాటితో పోల్చుకోదు.

పోర్త్‌మడోగ్ ముందర ఒక తమాషా. సన్న పట్టాలు పెద్ద లైనును నేల మీదే అడ్డంగా దాటుతాయి. అటు డీజిల్ రైలు వస్తుంటే 143 ఆగాలి. తర్వాత ఊళ్లో వంతెన మీద, కార్లను ఆపించి, అదే రోడ్డు పంచుకుంటూ హార్బర్ స్టేషన్‌కు చేరుతుంది. ప్లాట్‌ఫారం మీద పిల్లలు ఇంజను ఆ చివర నుంచి ఈ చివర దాకా పరిగెత్తి, దీనికి ముందేది, వెనకేది అని అడుగుతారు. డ్రైవరు చేతులు తుడుచుకుంటూ, ఎటు వెళితే అటే ముందు అంటాడు.