కొడవలి పిడి

నేను కక్కుకొడవలిని. కొయ్యూరు దగ్గర ఒక ఇంటి చూరులో నా చోటు. బయటివాళ్ళకు కొయ్యూరంటే 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపిన ఊరు. నాకు మాత్రం నన్ను పట్టిన మూడు చేతులే గుర్తొస్తాయి.

తాత నన్ను కొలిమి నుంచి తెచ్చినప్పుడు నా పిడి సన్నగా, నున్నగా ఉండేది. కొన్నేళ్ళకు ఆయన బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంట పడింది. పట్టు జారుతోందని పిడికి పాత పంచె పేలిక చుట్టాడు. ఆయన పోయాక కొడుకు ఇంకోటి చుట్టాడు. మనవరాలి నాటికి నా పిడి మణికట్టంత లావైంది.

కొడుకు వేళ్ళు కొంకర్లు పోతే ఊళ్ళో కుష్టు అన్నారు. ఒక ఆసుపత్రిలోనూ అదే మాట. పక్కన కూర్చుని తినేవాళ్ళు లేచిపోయారు. అది తలచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది. ఒంటి మీద ఒక్క మచ్చ లేదు. రెండు చేతులూ ఒక్కతీరుగా పాడయ్యాయి. వాటికన్నా ముందే పాదాలు విల్లులా వంగాయి. తండ్రికీ అంతే. ఎవరూ అడగలేదు.

అడిగింది విశాఖలో ఒక డాక్టరు, చేతులు అలాగే పాడైన మనవరాలిని. "మీ అయ్య కాళ్ళు ఎలా ఉండేవమ్మా?" అని. నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలిచి, రక్తం పరీక్ష చేయించి, షార్కో-మరీ-టూత్ అన్నారట. 1886లో ఈ జబ్బును వివరించిన ముగ్గురు వైద్యుల పేర్లవి. ఆమె తల్లికి చెబుతుంటే చూరులోంచి విన్నాను. ఈ జబ్బున్న చాలామందిలో, 17వ క్రోమోజోము మీద, నరాల తొడుగుకు సంబంధించిన జన్యువు ఒకటి అదనంగా ఉంటుంది. అలాంటప్పుడు పుట్టే ప్రతి బిడ్డకూ సగం అవకాశం.

కుష్టుతో వంగిన చేతులకు వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ చేసినలాంటి ఆపరేషనే ఆమెకూ చేశారు. ఉంగరపు వేలిని ముడిచే రెండు స్నాయువుల్లో ఒకదాన్ని బొటనవేలికి మళ్ళించారు. కుష్టు మందులకు లొంగుతుంది, ఈ జబ్బు లొంగదు. రేపోమాపో నీరసించే కండరాన్ని అరువు తెస్తే పడ్డ కష్టమంతా వృథా. అందుకే డాక్టరు ఒక్కో కండరాన్నీ నొక్కి చూసి, నెలల తర్వాత మళ్ళీ చూసి, గట్టిగా నిలిచినదాన్నే ఎంచాడట.

కట్టు విప్పాక ఆమె చూరు కింద కూర్చుని అడ్డాకు కుట్టబోయింది. ఉంగరపు వేలు ముడవాలనుకుంటే బొటనవేలు కదిలింది. పుల్ల జారింది, మళ్ళీ జారింది. పొద్దు వాలే వేళకి ఆకులోకి దిగింది.

వరికోతలకు నన్ను తీసి, పై పేలిక ఒక్కటే విప్పింది. తాత చుట్టింది ఇంకా అడుగునే ఉంది.