బానెట్ ఎత్తి చూపించు బాబూ!

పాత మిలటరీ బండిని కొని బాగుచేయించడం ఈమధ్య పెద్ద సరదా అయింది. 2019లో ధోనీ జోంగా కొన్నాక మరీను. తిరుమలగిరిలో ట్రైనింగై, సైన్యంలో బండ్లు బాగుచేసే ఈఎంఈ విభాగంలో మెకానిక్‌గా చేసినవాణ్ణి, సంతోషించాల్సింది నేనే. కానీ బానెట్ ఎత్తి చూస్తే కడుపు రగిలిపోతోంది.

జోంగా అంటే నిస్సాన్ వాళ్ల పేట్రోల్ బండి. మన సైన్యం కోసం జబల్పూరు వెహికల్ ఫ్యాక్టరీలో తయారైంది. 1999లో ఆపేశారు. దాని ప్రాణమంతా ఆ ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్‌లోనే ఉంది, 3956 సీసీ. మా రోజుల్లో పొద్దున్నే మెయింటెనెన్స్ పరేడ్ ఉండేది. పాయింట్లు విప్పి ఎమరీ కాగితంతో రుద్ది, ఫీలర్ గేజ్ పెట్టి సందు చూసి బిగించేవాళ్లం. స్ప్రింగు షాకిళ్ల నిపుల్‌కి గ్రీజు గన్ పెట్టి కొడితే మురికి గ్రీజు బయటికొచ్చి, దాని వెనకే కొత్త గ్రీజు కనపడాలి. అప్పటిదాకా హవల్దారు అక్కడినుంచి కదిలేవాడు కాదు. చలికి చోక్ లాగి స్టార్ట్ చేశాక ఎవ్వరూ రేజ్ చేయకూడదు. వేడెక్కనిచ్చి, చోక్ మెల్లగా లోపలికి నొక్కాలి.

ఇప్పుడో? ఆ ఇంజన్ పీకి తుక్కు కొట్టుకి అమ్ముతున్నారు. మౌంటింగులు కోసి ఏదో కొత్త డీజిల్ ఇంజన్ కూర్చోబెట్టి, ఏసీ తగిలించి, బండికి పూర్వవైభవం తెచ్చామంటున్నారు. ఏం తెచ్చారయ్యా? రేకు మిగిలింది, బండి పోయింది. ఓ కుర్రాణ్ణి అడిగితే, "లీటరుకి నాలుగైదు కిలోమీటర్లే వస్తే ఎలా బాబాయ్? పెట్రోలు వంద దాటింది కదా" అన్నాడు. నిజమే, దాటింది. ఆ లెక్క చూసుకునేవాడికి చిన్న కార్లు బోలెడున్నాయి. జోంగానే ఎందుకు కొయ్యాలి?

రంగు సంగతి ఇంకా ఘోరం. 1989 జులై నుంచి రక్షణశాఖ బండికి తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని మోటారు వాహనాల నియమాల్లోనే ఉంది. వీళ్లు ఆ రంగూ వేస్తారు, నంబరు ప్లేటు మీద పైకి చూసే బాణం గుర్తూ వేయిస్తారు. ఆ బాణం సైన్యానిది. దాన్ని సోకుకి వాడుకుంటే ఒళ్లు మండుతుంది నాకు.

వేయాల్సిన చోట మాత్రం వేయరు. మా బండ్ల వెనక డిఫరెన్షియల్‌కి తెల్లరంగు ఉండేది, దానిమీద పడేలా ఒక చిన్న బల్బు. రాత్రి కాన్వాయ్‌లో హెడ్‌లైట్లు ఆర్పేశాక, వెనక డ్రైవరుకి దారి చూపేది ఆ తెల్లటి గుండ్రమే. కొండదారుల్లో దాన్నే నమ్ముకుని నడిపారు మావాళ్లు. ఇవాళ దానికి నల్లరంగు పూసి తళతళలాడిస్తున్నారు. ఆ తెలుపు ఎందుకుందో ఒక్కరూ అడగలేదు.

కొనేవాళ్లకి ఒక్కటే చెబుతున్నా. పాత ఇంజన్ నడిపే ఓపిక లేకపోతే మానండి, తుక్కుకి మాత్రం వేయకండి. ప్లగ్గులు తీసి ఆ కంతల్లో కాస్త ఆయిల్ పోసి, ఫ్యాన్ పట్టుకుని నాలుగు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించండి. కార్బురేటర్ మూతికి గుడ్డ కట్టి షెడ్డులో ఓ మూల దిమ్మల మీద పెట్టండి. తరవాత కొనేవాడికి బండితోపాటు ఆ ఇంజన్ కూడా అప్పజెప్పండి.