చేతికి నెత్తురంటని పెద్దమనుషులు

పెద్దమనుషులు ఎన్నడూ ఎవర్నీ చంపరు. సభ పెడతారు, తీర్మానం చేస్తారు, చందాలు పోగేస్తారు, వేళకు ఇంటికెళ్ళి భోంచేస్తారు. చంపేది ఎప్పుడూ ఎవడో ఒంటరివాడే, పాపం, మతి చలించినవాడే!

ఈ విద్యలో అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానిది అందెవేసిన చెయ్యి. బడుల్లో నల్లపిల్లల్ని వేరు చేయడం చెల్లదని 1954లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన రెండు నెలల్లోపే, దాన్ని అడ్డుకోడానికి ఇండియనోలా అనే చిన్న ఊళ్ళో ‘సిటిజన్స్ కౌన్సిల్’ వెలిసింది. బ్యాంకర్లు, పత్తి భూస్వాములు, ప్లీడర్లు, షావుకార్లు అందులో సభ్యులు. ముసుగులేసుకు తిరిగే కు క్లక్స్ క్లాన్ మోటుతనం వీళ్ళకు గిట్టదు. వీళ్ళది అహింసా మార్గం!

ఆ అహింస ఎంత సుకుమారమో 1955లో యాజూ సిటీ చూసింది. తమ పిల్లల్ని తెల్లవాళ్ళ బళ్ళో చేర్చుకోమని 53 మంది నల్లవాళ్ళు అర్జీ పెట్టారు. కౌన్సిల్ కర్ర ఎత్తలేదు. ఆ పేర్లన్నిటితో పత్రికలో ప్రకటన వేయించింది, అంతే. కొలువులు ఊడాయి, అరువులు ఆగాయి. సంతకం పెట్టినవాళ్ళలో దాదాపు అందరూ వెనక్కి తగ్గారు.

ఆ రాష్ట్రంలోనే తగ్గనివాడు ఇంకొకడుండేవాడు, మెడ్గర్ ఎవర్స్. నల్లవాళ్ళ హక్కుల సంఘానికి ఆ రాష్ట్ర కార్యదర్శి. 1963 జూన్ 12న అర్ధరాత్రి దాటాక, జాక్సన్‌లో తన ఇంటి ముందు కారు దిగుతుంటే వెనకనుంచి కాల్చారు. తుపాకీ మీద దొరికిన వేలిముద్ర బైరన్ డి లా బెక్‌విత్‌ది. ఎరువులమ్ముకునే మనిషి, గ్రీన్‌వుడ్ కౌన్సిల్ సభ్యుడు. ఇంకేం, ‘ఒంటరివాడి’ కోర్టు ఖర్చులకు చందాలు కురిశాయి. మాజీ గవర్నర్ రాస్ బార్నెట్ కోర్టుకొచ్చి మరీ కరచాలనం చేశాడు. ప్రభుత్వం ఒక చేత్తో కేసు నడుపుతుంటే, పన్ను డబ్బుతో బతికే సావరెన్టీ కమిషన్ అనే సర్కారీ సంస్థే జూరీ సభ్యుల ఆరాలు తీసి ముద్దాయి ప్లీడర్లకు అందించింది. 1964లో రెండుసార్లు తెల్ల జూరీలు ఎటూ తేల్చలేక చేతులెత్తేశాయి. శిక్ష పడింది 1994లో. అప్పటికి హంతకుడికి 73 ఏళ్ళు.

కౌన్సిల్ మాత్రం ముసలిదవలేదు. 1985లో ఆ పాత చిరునామాల జాబితాలతోనే ‘కౌన్సిల్ ఆఫ్ కన్సర్వేటివ్ సిటిజన్స్’గా మళ్ళీ పుట్టింది. 2015 జూన్ 17న చార్లెస్టన్‌లో నల్లవాళ్ళ చర్చిలో బైబిల్ చదువుకుంటున్న తొమ్మిదిమందిని డిలన్ రూఫ్ అనే తెల్ల కుర్రాడు కాల్చి చంపాడు. తన కళ్ళు తెరిపించింది ఆ సంస్థ వెబ్‌సైటేనని రాసుకున్నాడు. సంస్థ ఏమంది? హత్యలు తప్పేనట, బాధ్యత మాత్రం తమది కాదట, కుర్రాడి ఫిర్యాదుల్లో మాత్రం న్యాయముందట!

ఇద్దరు ‘ఒంటరివాళ్ళ’ నడుమ 52 ఏళ్ళు. ఆ ఇద్దరి వెనకా ఒకే వంశానికి చెందిన సంస్థ.

ఇకమీదట ఏ దేశంలోనైనా, మీ వీధిలోనైనా సరే, “వాడొక్కడే చేశాడండీ” అని ఎవరన్నా అంటే తల ఊపకండి. చందా రసీదు పుస్తకం ఎవరి దగ్గరుందో అడగండి.