తలకిందుల సలహాలు: యాడ్‌టెక్ షేరు పట్టుకున్న సాలూరు వాళ్లకు

ఇవి విని సగం మంది తలకిందుల సలహాలంటారు. అన్నా సరే, ప్రతి మాటా నమ్మే రాస్తున్నాను. సాలూరులో లారీ కిరాయి మిగులు ఒకప్పుడు చిట్టీల్లోకి, బంగారంలోకి, ఇంకో లారీ కిస్తీలోకి పోయేది. ఇప్పుడు అందులో కొంత డీమాట్ ఖాతాలోకి పోతోంది. పి.కోనవలస ఘాట్ ఎక్కి జయపురం, రాయ్‌పూర్ దాకా రాత్రంతా స్టీరింగ్ పట్టుకున్నవాడి డబ్బది. యాడ్‌టెక్ (ఇంటర్నెట్ ప్రకటనల సాంకేతిక వ్యాపారం) అన్న పేరు వినపడగానే అది ఎగిరిపోకూడదనే నా బాధ.

ముందుగా, పెరుగుదల మందగించిందని వార్త వచ్చిన రోజున కంగారు పడకండి. ఏటేటా రెట్టింపవుతోందని వార్త వచ్చిన రోజున పడండి.

దీనికి దూరం వెళ్లక్కర్లేదు, హైదరాబాద్ కంపెనీ బ్రైట్‌కామ్ గ్రూపే చాలు. ఒకప్పుడు వైబ్రాంట్, తర్వాత లైకోస్ ఇంటర్నెట్, 2018 నుంచి బ్రైట్‌కామ్. 2010లో కొరియా కంపెనీ డౌమ్ నుంచి లైకోస్‌ను 3.6 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించినప్పుడు మన తెలుగువాళ్లు అమెరికా బ్రాండు కొన్నారని అందరం గర్వపడ్డాం. 2020-21లో సుమారు 2,850 కోట్ల ఆదాయం చూపిన కంపెనీ మరుసటి ఏడాది 5,000 కోట్లు, ఆ తర్వాతి ఏడాది 7,400 కోట్ల దాకా చూపింది. 2021 మొదట్లో పది రూపాయల లోపున్న షేరు ఏడాది చివరికి నూరు దాటింది. పైగా బోనస్ షేర్లు. లక్షల మంది చిన్న మదుపరులు ఎగబడ్డారు.

అదే 2021లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఆ కంపెనీ లెక్కలపై ఫోరెన్సిక్ ఆడిట్‌కు ఆదేశించింది. 2023 ఏప్రిల్ ఉత్తర్వులో, సుమారు 868 కోట్ల ఆస్తుల విలువ తరుగును లాభనష్టాల ఖాతాలో చూపకుండా దాటవేశారని, ప్రమోటర్ల వాటాను తప్పుగా చూపారని చెప్పింది. ఆగస్టులో ఇంకో ఉత్తర్వు. ప్రిఫరెన్షియల్ కేటాయింపుల్లో (ఎంపిక చేసినవారికే షేర్లివ్వడంలో) కొందరి నుంచి 245 కోట్లు రావాల్సి ఉండగా కంపెనీకి నిజంగా చేరింది 52 కోట్ల చిల్లరేనని, తమకు ఇచ్చిన బ్యాంకు స్టేట్‌మెంట్లు కూడా మార్చినవేనని సెబీ అందులో రాసింది. ఫలితాలు సకాలంలో ఇవ్వలేదని 2024 జూన్ 14 నుంచి స్టాక్ ఎక్స్ఛేంజీలు ట్రేడింగే ఆపేశాయి. అప్పుడు అమ్ముదామన్నా అమ్మలేని స్థితి. ఆడిట్ నడుస్తున్నా 2022-23 దాకా ప్రకటించిన ఆదాయం పెరుగుతూనే ఉంది. పెరుగుదలను మాత్రమే చూసినవాడికి ప్రమాదం కనపడే దారే లేదు.

ఇప్పుడు అమెరికా యాడ్‌టెక్ కంపెనీ ది ట్రేడ్ డెస్క్ సంగతి. 2025 ఫిబ్రవరిలో ఆ కంపెనీ తన సొంత అంచనాను అందుకోలేకపోయింది. ఒక్కరోజులో షేరు మూడో వంతు పడింది. అప్పటికీ అమ్మకాలు 22 శాతం పెరుగుతూనే ఉన్నాయి. ఆగస్టులో ఆ పెరుగుదల 19 శాతానికి దిగినట్టు తెలిసి మళ్లీ కుప్పకూలింది. ఇక్కడ లెక్కల్లో లోపం ఎవరూ చూపలేదు. పాతిక శాతం పెరుగుదల ఎప్పటికీ ఉంటుందనుకుని ఎక్కువ ధర కట్టినవాళ్లు దెబ్బతిన్నారు. అంటే ప్రమాదాలు రెండు: లెక్కలు నిజం కాకపోవడం ఒకటి, నిజమైన లెక్కలకే అతి ధర పెట్టడం ఇంకొకటి. రెండో దెబ్బకు మందు ఉంది: తక్కువ ధరలో కొనడం, కొంచెమే కొనడం. మొదటి దెబ్బకు మందు లేదు. అందుకే నిజాయితీగా మందగించిన కంపెనీ ముందు కూర్చుని లెక్క వెయ్యండి, ఆగకుండా పరిగెడుతున్నదాన్ని ఇంకోసారి అనుమానించండి అంటున్నాను.

రెండో సలహా మరీ విడ్డూరంగా ఉంటుంది. లాభం పేజీ చదవకండి, బాకీల పేజీ చదవండి.

ఇది సాలూరు వాళ్లకు చెప్పినంత తేలిగ్గా ఇంకెవరికీ చెప్పలేం. లోడు ఇచ్చే ఆసామి ఒకడు, లారీ ఓనరు ఇంకొకడు, మధ్యలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు. అడ్వాన్సు డీజిల్‌కే చాలదు. బ్యాలెన్సు అన్‌లోడింగ్ అయ్యి, సంతకం పడిన కాపీ తిరిగొచ్చాక ఎప్పుడో. ప్రకటనల సాంకేతిక కంపెనీ అచ్చం ఆ మధ్య ఆఫీసే. సబ్బుల కంపెనీ ప్రకటనకు డబ్బిస్తుంది, వార్తల సైటు చోటిస్తుంది, మధ్యలో నలుగురైదుగురు కమీషన్ తీసుకుంటారు. బ్రిటన్ ప్రకటనదారుల సంఘం ఐఎస్‌బీఏ 2020లో ఆడిట్ సంస్థ పీడబ్ల్యూసీ చేత చేయించిన అధ్యయనంలో ప్రకటనదారు పెట్టిన డబ్బులో సగమే సైటుకు చేరుతోందని తేలింది. ఇంకో 15 శాతం ఎక్కడికి పోయిందో వాళ్లకే లెక్క దొరకలేదు.

ఈ గొలుసులో ఒకడు కూలితే వెనకాల వాళ్లందరికీ బ్యాలెన్సు గోవిందా. 2023 జూన్ 30న న్యూయార్క్ యాడ్‌టెక్ కంపెనీ మీడియామ్యాథ్ దివాలా తీసింది. దాని బాకీలు పది కోట్ల డాలర్లు దాటాయి. గొలుసులో వెనకున్న మ్యాగ్నైట్, పబ్‌మాటిక్ లాంటి కంపెనీలకే తలా కోటి డాలర్లకు పైగా రావాలి. ఆ డబ్బంతా వాళ్ల లెక్కల్లో రావాల్సిన బాకీగా పడి ఉంది.

అందుకని కంపెనీ వార్షిక నివేదిక పీడీఎఫ్ దింపుకుని ట్రేడ్ రిసీవబుల్స్ (కంపెనీకి రావాల్సిన బాకీలు) అన్న నోట్ వెతకండి. 2021-22 నుంచి ప్రతి కంపెనీ ఒక పట్టిక ఇచ్చి తీరాలి: ఆరు నెలల లోపు బాకీ ఎంత, ఆరు నెలల నుంచి ఏడాది ఎంత, ఏడాది నుంచి రెండేళ్లు, రెండు నుంచి మూడు, మూడేళ్లు దాటింది ఎంత. వేలు పెట్టి కుడివైపుకి జరపండి. కుడి గళ్లు నిండుతున్న కొద్దీ ఆ ఆదాయం కాగితాల మీదే ఉందని అర్థం. తర్వాత ఒక్క లెక్క. ఆదాయం 1,000 కోట్లు, బాకీ 400 కోట్లు అనుకుందాం. 400ని 1,000తో భాగించి 365తో హెచ్చిస్తే 146 రోజులు. నిరుడు అదే కంపెనీకి 100 రోజులొచ్చి ఉంటే, అమ్మకం పెరగడానికి అప్పు మీద సరుకిస్తున్నారేమో అడగాలి. ప్రకటనల రంగంలో మూణ్ణాలుగు నెలల బాకీ మామూలే. నన్ను భయపెట్టేది ఏటేటా పెరిగే బాకీ.

అదే నివేదికలో నగదు ప్రవాహాల పట్టిక ఉంటుంది. వ్యాపారం నుంచి వచ్చిన నగదు అయిదేళ్లది కూడండి, అయిదేళ్ల లాభమూ కూడండి. లాభం నగదుకు రెట్టింపు ఉంటే ఆ షేరు వదిలెయ్యండి. బ్యాంకులో నగదు ఉందంటారా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లేఖలో ఒప్పుకున్నది గుర్తు తెచ్చుకోండి: పుస్తకాల్లో ఉన్న నగదులో 5,040 కోట్లు అసలు లేనేలేవు. బ్యాంకు నిల్వ ఎంతో, దాని మీద వడ్డీ ఆదాయం ఎంత చూపారో పక్కపక్కన రాయండి. వెయ్యి కోట్లు డిపాజిట్లలో ఉన్నాయని చెప్పి, వడ్డీ అయిదు కోట్లు చూపే కంపెనీకి మన డబ్బు ఇవ్వనక్కర్లేదు.

ఇంకోటి. మనవాళ్ల కంపెనీ అన్న ముక్క వినగానే అనుమానం రెట్టింపు చెయ్యండి. కఠినంగా ఉంటుందని తెలుసు. మనవాళ్లని నమ్మే ఊరు మాది, యూనియన్ ఆఫీసులో నోటిమాట మీద లోడు ఎత్తే ఊరు. కానీ బ్రైట్‌కామ్ ఆదాయంలో ఎక్కువ భాగం విదేశీ అనుబంధ కంపెనీలదే. హైదరాబాద్ అన్న పేరు చూసి మురిసిపోతే ఆ లెక్కలు మనకి దగ్గర కావు. నివేదికలో ఏఓసీ-1 అనే పట్టికలో ఏ అనుబంధ కంపెనీ ఎంత సంపాదించిందో ఉంటుంది. అది చదివి నమ్మండి. పేరున్న ఇన్వెస్టర్ వాటా కొన్నాడన్న వార్తనూ ఇలాగే పక్కన పెట్టండి. ఆయన తీసుకున్న ధరకీ, షరతులకీ, మనకొచ్చే ధరకీ సంబంధం ఉండదు.

ప్రకటనలిచ్చేది ఎవరో కూడా చూడాలి. 2025 ఆగస్టులో డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల్ని కేంద్రం చట్టంతో నిషేధించగానే ప్రకటనల మీద గుమ్మరించే ఒక పెద్ద వర్గమే మాయమైంది. యాపిల్ 2021లో ఐఫోన్‌లో ట్రాకింగ్‌కు అనుమతి అడగడం మొదలుపెట్టింది. 2022లో తమకు దానివల్ల వెయ్యి కోట్ల డాలర్లు పోతాయని ఫేస్‌బుక్ యజమాని మెటా చెప్పింది, ఒక్కరోజులో షేరు 26 శాతం పడింది. ఇలాంటప్పుడు కంపెనీ మంచిదే అయినా పెరుగుదల తగ్గుతుంది.

‘ఏటి బావా, ఇంకా దిగుతాదేటి? సగం ధరకొచ్చింది, ఇంకో వెయ్యి షేర్లు వేసీమంటావా?’ అని అడిగేవాళ్లకు నా జవాబు: వద్దు. బాకీల నోట్, నగదు పట్టిక, వడ్డీ లెక్క మూడూ చూసేదాకా ఒక్క షేరు కూడా వద్దు. చూశాక బాగుంటే, లారీ ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు, టైర్లకు పక్కన పెట్టగా మిగిలినదాంట్లోంచే, పదో వంతు దాటకుండా.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఊరుకోకండి. ఫలితాలు త్రైమాసికం ముగిసిన 45 రోజుల్లో, ఏడాది ఫలితాలైతే 60 రోజుల్లో రావాలి. రాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. 21 రోజుల్లో కంపెనీ జవాబివ్వాలి. వార్షిక సమావేశం నోటీసు మెయిల్‌కి వస్తుంది, దాన్ని చెత్త అనుకుని తీసెయ్యకండి. అందులోని ఈ-ఓటింగ్ లింకు నొక్కి, ఆడిటర్ నియామకం, డైరెక్టర్ల జీతాల తీర్మానాలు చదివి ఓటెయ్యండి. పది షేర్లున్నా ఓటు ఉంటుంది.