కుండీ పర్వం

ముందుగా దోకుడుపారకు దండం. తర్వాత నడుముకు దండం. అది సహకరించకపోతే ఈ కావ్యం రెండో పేజీ దాటదు. విఘ్నాలు తొలగించే వినాయకుడికి మాత్రం మొక్కు కాసేపు ఆపుతున్నాను. గరిక ఆయనకు మహా ప్రీతి కదా, కలుపుతో సాగే ఈ యుద్ధంలో ఆయన ఎటు పక్షమో ముందు తేలాలి.

ఇక పురవర్ణన. రాజమహేంద్రవరంబున, గోదావరి గాలి తగులు దూరమున, ఒక రెండంతస్తుల మేడ మీద నొక్క మహాసామ్రాజ్యంబు గలదు. అది సిమెంటు కుట్టిమ విరాజితంబు, నానావర్ణ పెయింటు డబ్బా పరివేష్టితంబు, పగిలిన బకెట్టు, పాత సింకు, థర్మోకోలు పెట్టె మొదలగు సామంతులచే సేవితంబునై, పిట్టగోడయే ప్రాకారంబుగా, ట్యాంకు పొర్లిన నీరే పరిఖగా ఒప్పుచుండె. అందు వంగ, బెండ, టమాటా, కరివేపాకు, చామంతి అను ప్రజలు వేళకు నీరు త్రాగి, వేళకు తెగులు తెచ్చుకొని సుఖంబుండిరి.

ఈ రాజ్యాన్ని ఏలేవాడు బ్యాంకులో పదవీ విరమణ చేసి, ఆ మర్నాడే మేడెక్కి తనకు తానే పట్టాభిషేకం చేసుకున్న ప్రభువు. తువ్వాలు కిరీటం, నీళ్ళ పైపు రాజదండం. పట్టమహిషి స్థానం కడియం నర్సరీ నుంచి ఆటోలో ఊరేగి వచ్చిన ఒక గులాబీది. ఇంట్లో ఉన్న అసలు మహారాణికి ఈ సంగతి తెలుసు. పట్టించుకోవడం మానేశారు.

ఆషాఢంలో జల్లులు పడ్డాయి. ప్రభువు పశువుల ఎరువు బస్తాలు తెప్పించాడు. పూర్వం శకటాసురుడు బండి రూపంలో వచ్చాడు. ఈసారి ఆటో ఎక్కి వచ్చాడు. ఆవు గడ్డి తింటుంది గానీ గడ్డి గింజల్లో చాలావాటిని ప్రాణంతోనే సాగనంపుతుంది. ఎరువు కుప్ప 55 డిగ్రీలు దాటి కాగి, కొన్నాళ్ళు మాగితే ఆ గింజలు చాలావరకు చస్తాయి. మాగని ఎరువులో అవి టిక్కెట్టు లేని ప్రయాణికుల్లా హాయిగా మేడెక్కుతాయి. వర్మీ కంపోస్టు అయితే బెడద లేదనుకుంటారు కొందరు. వానపాములకు వేడి పడదు, కనక ఆ కుప్ప కాగదు. గింజకు అక్కడా అభయమే.

అంతే. ఒకనాటి ఉదయం ప్రభువు కాఫీ గ్లాసుతో మేడెక్కేసరికి కుండీ కుండీకీ ఒక దండు విడిది చేసి ఉంది. ఒకటి పాకుతోంది, ఒకటి నిక్కుతోంది, ఒకటి వంగ మొదలును కౌగిలించుకుని తానూ వంగనే అన్నట్టు అమాయకంగా చూస్తోంది. ప్రభువు కన్నులు ఎర్రబారాయి. కాఫీ చల్లారింది. "ఎవడక్కడ!" అన్నాడు. ఎవడూ లేడు, పావురం తప్ప.

తొలి పోరు వంగ కుండీలో. ఎర్రటి కాడలతో, దళసరి చిట్టి ఆకులతో మట్టినంతా పరుచుకుని పడుకున్న ఒక దళాన్ని ఆయన సమూలంగా పెరికి పిట్టగోడ మీద గుట్టగా పోశాడు. మీసం మెలేశాడు, మీసం లేదు, అయినా మెలేశాడు. సరిగ్గా ఆ ఘడియలో మెట్ల కిందనుంచి ఆకాశవాణి పలికింది.

"అమ్మాయ్, అల్లుడుగారు పీకింది గంగపాయల కూర అని చెప్పు. పారెయ్యొద్దను, పప్పులో వేద్దాం."

కోనసీమ నుంచి వచ్చిన అత్తగారు. అల్లుడితో నేరుగా మాట్లాడటం ఆవిడ తరానికి అలవాటు లేదు. వినేవాడు మూడడుగుల దూరంలోనే ఉన్నా మాట కూతురి మీదుగానే పోవాలి. ప్రభువు మాత్రం తక్కువ తిన్నాడా? "మీ అమ్మగారికి చూడకుండానే ఎలా తెలిసిందో కనుక్కో" అన్నాడు. మెట్ల మీదికి దొర్లిన ఒక కాడ చూసిందట. ఆవిడకు అది చాలు.

తెలంగాణ వైపు గంగవాయిలి అంటారు దీన్నే. బజారులో డబ్బిచ్చి కట్ట కొనుక్కొచ్చే కూర, పైసా ఖర్చు లేకుండా ఇంటికొస్తే శత్రువైపోయింది. ఒమేగా-3 కొవ్వు ఆమ్లం ఇంతగా ఉన్న ఆకుకూరలు అరుదు. ఆగ్జలేట్లూ ఎక్కువే, కిడ్నీలో రాళ్ళున్నవాళ్ళు జాగ్రత్త పడాలి. కానీ దీని పక్కనే, ఇంచుమించు ఇదే పోలికతో, నేలబారుగా పాకే నానబాల జాతి మొక్క ఒకటి ఉంటుంది. మారీచుడు లేడి వేషం వేసినంత నేర్పుగా వేస్తుంది. ఆకాశవాణి దానికీ ఉపాయం చెప్పింది: "కాడ తుంచి చూడమను. తెల్లగా పాలు కారితే అది కూర కాదు." పాయలకూర కాడలో నీరే ఉంటుంది, పాలుండవు. రాముడికి ఈ కిటుకు ఎవరూ చెప్పలేదు. ఒక్క హెచ్చరిక: పీకిన పాయలకూరను తడి మట్టి మీదే వదిలితే చావదు, ముక్కముక్కకూ వేళ్ళు తొడిగి లేస్తుంది. గిన్నెలోకి చేరిస్తేనే యుద్ధం ముగిసినట్టు.

అప్పటినుంచి యుద్ధానికి ముందు గోత్రనామాల విచారణ తప్పనిసరైంది. బంధించిన ప్రతి వీరుణ్ణీ మెట్ల దగ్గర ప్రవేశపెడతారు. కిందనుంచి తీర్పు వస్తుంది. ఆకుల కింద వరసగా గింజల పేరు కట్టుకుని వచ్చినవాడు నేల ఉసిరి. తోటకూర మడిలో పెద్దమనిషిలా కూర్చుని, ఆకు మొదట్లో ముల్లు దాచుకున్నవాడు ముళ్ళ తోటకూర. గలిజేరు కూడా పప్పుకే వెళ్ళింది. కుప్పింట వేరు వాసనకు పక్కింటి పిల్లి మత్తెక్కి కుండీ చుట్టూ దొర్లింది. ఆ పిల్లి తర్వాత రాజ్యంలో చేసిన విధ్వంసం వేరే కాండంగా రాయవలసింది, ఇక్కడ చోటు లేదు.

పులిచింత విలుకాడు. మూడేసి హృదయాకారపు ఆకులు, పసుపు పూలు, నోట్లో వేసుకుంటే పులుపు. చూడ్డానికి పాపం అనిపిస్తుంది. కాయ పండిందా, వేలు తగిలితే చాలు పటపటా పేలి గింజలను బాణాల్లా పక్క కుండీల్లోకి విసురుతుంది. గులాబీ మహిషి ఒళ్ళో పుట్టిన దాని సంతానం చామంతి దాకా, చామంతిది ట్యాంకు దాకా రాజ్యాలు స్థాపించింది. కాయ పచ్చిగా ఉండగా పీకినవాడే బతికాడు.

ఒక్కచోట మాత్రం ఆకాశవాణి మౌనం వహించింది. కరివేపాకు నీడన, ఎప్పుడూ తడిగా ఉండే కుండీలో, గాజులా వెలుతురు దూసుకుపోయే కాడలతో, మెరిసే చిట్టి తమలపాకుల్లాంటి ఆకులతో, ఎలక తోకల్లా సన్నటి కంకులు నిలబెట్టి ఒక పరదేశి నుంచుంది. "మా ఊళ్ళో ఇట్లాంటిది ఎప్పుడూ చూళ్ళేదని చెప్పమ్మాయ్" అన్నారు అత్తగారు. సభ నిశ్శబ్దం. అప్పుడు ప్రభువు జీవితంలో మొదటిసారి తనంతట తాను విచారణ చేశాడు. నలిపి వాసన చూశాడు: మిరియం. తుంచాడు: పాలు లేవు. లాగాడు: వేరు మట్టిని పట్టుకోనే లేదు, వేలితో ఊడి వచ్చింది. ఫోను ఫొటో తీసి పెపరోమియా పెల్లుసిడా అని పలికింది. అమెరికా ఖండపు ఉష్ణప్రదేశాల నుంచి వచ్చి, నర్సరీ కుండీల వెంట ఊరూరూ తిరిగే జాతి. మిరియానికీ తమలపాకుకూ దాయాది. మేడ మీదికి వచ్చిన శత్రువుల్లో ఇంత మర్యాదస్థుడు మరొకడు లేడు, పొమ్మంటే పోతాడు. కంకి గింజ కట్టకముందే పొమ్మనాలి, అదొక్కటే షరతు.

ఇక పూతన ఘట్టం. చామంతి కుండీలో చామంతి పక్కనే ఇంకో చామంతి లేచింది. చీలికల ఆకులు, లేతాకుపచ్చ చాయ, వయ్యారంగా ఊగే నడుము. ప్రభువు మురిసిపోయి దానికి రెండు చెంబులు ఎక్కువ నీళ్ళు కూడా పోశాడు. తెల్లటి సన్న పూలు మొగ్గ తొడిగిన రోజున కిందనుంచి వచ్చిన కేకకు పావురాలు లేచిపోయాయి. "దాన్ని ముట్టుకోవద్దను! వయ్యారిభామ!"

మన దేశంలో 1950ల నడిమిలో పుణెలో మొదట దీన్ని గుర్తించారు. అమెరికా గోధుమల వెంట వచ్చిందంటారు. వచ్చి ఏడు దశాబ్దాలైంది, దేశంలో రోడ్డు పక్క జాగాలన్నీ దానివే. చర్మానికి దురద, దద్దురు; పుప్పొడికి ఆయాసం. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. దీన్ని అణచడానికి మెక్సికో నుంచి ఒక పెంకు పురుగును తెచ్చి 1984లో బెంగళూరు పరిసరాల్లో వదిలారు కూడా. ఆ సేన రాజమండ్రి మేడ దాకా రాలేదు. కనక చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ, పూత రాకముందే వేరుతో సహా పెరకడం. దీనికి కావ్యన్యాయం, క్షమాభిక్ష ఏమీ లేవు. నా వరకు ఈ మొత్తం జాబితాలో ద్వేషించదగ్గది ఇదొక్కటే.

కానీ ప్రతినాయకుడు ఇది కాదు. అతడు బెండ కుండీలో, గడ్డి పరకలా, వినయంగా ఉన్నాడు. తుంగ. 1977లో ప్రపంచంలోకెల్లా చెడ్డ కలుపు మొక్కల మీద వచ్చిన పెద్ద గ్రంథంలో మొదటి సింహాసనం ఇచ్చింది ఈయనకే. ఆనవాలు సులువు: కాడను వేళ్ళ మధ్య దొర్లిస్తే మూడు అంచులు తగులుతాయి, కణుపులుండవు. అసలు గడ్డికి కాడ గుండ్రంగా ఉంటుంది, కణుపులుంటాయి. కావ్యమన్నాక ఒక్క పద్యమైనా లేకపోతే బాగుండదు, తేటగీతి, భరించండి.

తుంగ! నీ గడ్డ గుట్టేమొ తోటమాలి
కెరుక లేదయ్యె, నేల పైకెంత లాగ
నాకులూడును, నీవేమొ యడుగు దాగి
మూడునాళ్ళకు మరల నీ మొలక లేచు.

రక్తబీజుడి కథ తెలిసినవాళ్ళకు తుంగ కథ వేరే చెప్పక్కర్లేదు. కింద గడ్డలు గొలుసుగా ఉంటాయి. పై గడ్డ మొలకెత్తి రాజ్యం చేస్తున్నంత కాలం మిగతావి నిద్రపోతాయి. కోపంతో గుంజితే గొలుసు తెగుతుంది. తెగిన ప్రతి గడ్డా మేలుకుని తన సొంత జెండా ఎత్తుతుంది. ప్రభువు గుంజాడు, మళ్ళీ గుంజాడు. ఒకటి అయిదైంది, అయిదు ఇరవై అయ్యాయి. ఒక మొలకైతే గ్రో బ్యాగు పక్కనే పొడుచుకుని బయటికి తొంగిచూసి పలకరించింది.

అస్త్రాల వంతు వచ్చింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన పనిముట్ల సెట్టులో కలుపు పార మొదటి పోటుకే వంగి నమస్కరించింది. ఉప్పు చల్లమని ఒక మిత్రరాజు సలహా. ఉప్పు చల్లితే తుంగ కన్నా ముందు బెండ చస్తుంది, ఆ మట్టి తర్వాత దేనికీ పనికిరాదు. వెనిగరు ఆకుల్ని మాడ్చింది; గడ్డకు ఆ వార్తే చేరలేదు. ఇక బ్రహ్మాస్త్రం, గ్లైఫోసేట్. దాన్ని పెస్టు కంట్రోలు ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ వాడకూడదని కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. అది లేకపోయినా, జానెడు కుండీలో బ్రహ్మాస్త్రం వేస్తే మిగిలేది కుండీయే.

అప్పుడు మెట్ల మీదుగా ఒక పాత ఇనప అట్లకాడ పైకి వచ్చింది. నలభై ఏళ్ళ దోసెల అనుభవం, అంచు కత్తిలా అరిగి ఉంది. వెంట సందేశం: "లాగొద్దను. కుండీ మొత్తం గోతాం మీద బోర్లించమను."

అదే జరిగింది. బెండ కాపు అయిపోయాక కుండీ బోర్లించి, మట్టి గుల్లచేసి, నల్లటి గడ్డల్ని ఒక్కొక్కటే ఏరారు. తప్పించుకున్నవాటి సంగతి చూసే భారం సూర్యభగవానుడికి అప్పగించారు. రాజమండ్రిలో ఆయనకు ఎదురెవరు? తుంగ గడ్డకు తడి అంటే ప్రాణం. మట్టిని పల్చగా పరిచి ఎండబెడితే అది లోపలినుంచి ఎండి చస్తుంది. కాపు మధ్యలో ఉన్న కుండీల్లో మాత్రం మొలక తలెత్తినప్పుడల్లా అట్లకాడ గుచ్చి గడ్డతో సహా లేవనెత్తడమే. మూడు నాలుగు వారాలు ఊరుకుంటే కొత్త గడ్డలు పెట్టేస్తుంది. ఏరిన గడ్డల్ని అత్తగారు పారేయనివ్వలేదు. కడిగి ఎండబెట్టి, సున్నిపిండిలోకి తుంగముస్తలని సీసాలో పోశారు. ఓడిన శత్రువు కపాలాన్ని పానపాత్ర చేసుకున్న రాజుల గురించి విన్నాం, ఒంటికి రుద్దుకోవడం ఇదే మొదలు.

మట్టి మీద రెండంగుళాల మందాన కొబ్బరి పీచు పరిచారు. వెలుతురు తగలని సన్నగింజ చాలావరకు లేవదు. మట్టిని ఊరికే కెలికితే అడుగున నిద్రపోయే గింజలు పైకొచ్చి కళ్ళు తెరుస్తాయి, అందుకే గొప్పు తవ్వే ఉత్సాహాన్ని కూడా ప్రభువు కాస్త తగ్గించుకోవలసి వచ్చింది.

చివరి పేచీ రావి మొక్కతో. కాకి రెట్టలో వచ్చి ట్యాంకు పక్క కుండీలో మొలిచింది. వదిలితే వేరు స్లాబును చీలుస్తుంది. "రావి పీకకూడదండీ" అంది మహారాణి. ఈ ఒక్క విషయంలో ఆకాశవాణీ మహారాణీ ఒకే గొంతు. మట్టితో సహా తీసి, గోదావరి గట్టున గుడి దగ్గర నాటి, ప్రభువు దౌత్యం ముగించాడు.

భాద్రపదం వచ్చింది, వినాయక చవితి. ఇరవయ్యొక్క పత్రుల జాబితాలో గరిక, ఉత్తరేణి, రావి దర్జాగా కూర్చున్నాయి. ఏడాదంతా మేడ మీద ఉరికంబం ఎక్కినవాళ్ళు ఆ పూట బజారులో కట్టలు కట్టి అమ్ముడవుతున్నారు. ప్రభువు బేరమాడి కొనుక్కొచ్చాడు, పైన రెండు కుండీల నిండా గరిక ఉండగానే. మొదట్లో బాకీ పెట్టిన దండం ఇక్కడ చెల్లిస్తున్నాను: స్వామీ, నీ గరిక నీకే. నేల మీద ఉండనీ, కుండీలోకి పంపకు.

పాఠకులారా, మీ మేడ మీద కొత్త మొలక కనిపిస్తే రెండు రోజులు ఆగి, కాడ తుంచి, వాసన చూసి, ఆకు తిరగేసి చూసి అప్పుడు పీకండి. వయ్యారిభామ అనుమానం ఉంటే తుంచడం, వాసన చూడటం వద్దు, ముందు తొడుగు వేసుకోండి. పని కాగానే చేతులు సబ్బుతో కడుక్కోండి. తెలిసిన పెద్దవాళ్ళు చూసి ఔనంటే తప్ప, ఎంత నోరూరినా, ఏ ఆకునీ పప్పులో వేయకండి.