సర్వమును హెల్ప్‌లోనే కలదు

సందేహమడిగినవాని నోరు సత్వరముగా మూయించుటకు కంప్యూటరు పండితులు కనిపెట్టిన మంత్రములలో "హెల్ప్ చూడలేదా?" అను దానిని మించినది లేదు. అడిగినవాడు సోమరి యనుటయు, సమాధానము వ్రాసిపెట్టియే యున్నదనుటయు అందు ఇమిడియున్నవి. మొదటిదానితో నాకు పేచీ లేదు. మనలో అనేకులము సోమరులమే. రెండవదానిని మాత్రము కొంత పరీక్షింపవలసియున్నది.

న్యూజీలాండున ఆక్లండు విశ్వవిద్యాలయమందు రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ అను నిరువురు సృజించిన 'ఆర్' అను గణాంక విశ్లేషణ ప్రోగ్రామునే గైకొందము. ప్రశ్నార్థకము నొకదానిని వేసి, ప్రక్కనే ఫంక్షను పేరు టైపు చేసినచో తత్సంబంధమైన హెల్ప్ పుట తెరచుకొనును. ఎంత సులభము! క్రమవిచలనము కట్టుట యెట్లో తెలియని విద్యార్థి, దాని ఫంక్షను పేరు 'ఎస్‌డి' యని ముందుగా తెలిసికొనివచ్చిన చాలును. ఎట్లో ఆ పుట చేరినవానికి అది బోధించునదేమనగా, ఈ ఫంక్షను క్రమవిచలనమును గణించునని. ఆ సంగతి తెలిసియే కదా అతడు వచ్చినది! దిగువను, హారమునందు పరిశీలనల సంఖ్యయగు ఎన్ బదులు ఎన్ మైనస్ ఒకటి వాడబడునని ఒక్క ముక్క కలదు. ఎందుకు వాడబడునో, తన చేతనున్నది నమూనా గాక సమగ్ర జనాభాయే యైనచో ఏమి చేయవలెనో ఆ పుట చెప్పదు.

ఉదాహరణములు చూచుకొమ్మందురా? అనేక పుటలలో ప్రత్యక్షమగునవి 1936లో గణాంకవేత్త ఫిషరు వ్యాసమున కెక్కిన 150 ఐరిస్ పూవులు, 1974 నాటి అమెరికా మోటారు పత్రికలోని 32 కార్లు. ఆ పట్టికలలో ఖాళీ గడి ఒక్కటియు లేదు. మన విద్యార్థి తెచ్చిన సర్వే పట్టికలోనో, సగము గడులు ఖాళీ. సగటు కట్టుమనగా, ఒక్క ఖాళీ గడి యున్నను, ఆర్ తన సహజ స్వభావముచే 'ఎన్ ఏ', అనగా లభ్యము కాదు, అని ముఖము తిప్పుకొనును.

మెదకు సీమవాడైన మల్లినాథసూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య రచించుచు, ఆధారము లేనిదియు అక్కరలేనిదియు వ్రాయనని ప్రతిజ్ఞ పట్టెను. మన హెల్ప్ కర్తలు అందు సగము నెరవేర్చిరి: వ్రాసినదంతయు సాధారమే, అక్కరయైనది మాత్రము వ్రాయరు.

ఇక ఆర్‌కు ఇతరులు రచించి చేర్చు ఫంక్షనుల మూటలగు ప్యాకేజీల భాండాగారము. 1997లో వియన్నాయందు ఆరంభమైన 'క్రాన్'లో నేడు ఇరువదివేలకు మించిన ప్యాకేజీలు కొలువుదీరియున్నవి. అచ్చటి ద్వారపాలకులు కడు కఠినులు. బయటివారు వాడవలసిన ప్రతి ఫంక్షనుకును హెల్ప్ పుట యున్నదా, కోడులోని ఆర్గ్యుమెంట్ల పేర్లును పుటలోని పేర్లును సరిపోవుచున్నవా, ఉదాహరణములు తప్పులేక నడచుచున్నవా యని యంత్రము శోధించును. వర్ణక్రమ దోషమును సైతము అనుమానించును. ఇన్ని పరీక్షలలో, ఈ పుట చదివి ఒక మానవుడేమైన గ్రహించునా యను పరీక్ష లేదు. కావున యంత్రమునకు సంతుష్టి కలిగినంతనే రచయితకు బాధ్యత తీరును.

మానవునికి బోధపడునట్లు హెల్ప్ వ్రాయుట సాధ్యము కాని పని యని వాదింపబోకుడు. 1970లో నార్మన్ నై ప్రభృతులు ఎస్‌పిఎస్‌ఎస్ అను గణాంక ప్రోగ్రామునకు వెలువరించిన మాన్యువల్, ఆదేశములతోపాటు ఆ గణాంకమును ఎప్పుడు, ఎందుకు వాడవలెనో కూడ బోధించెను. క్రాన్‌లోనే 2005 నుండి 'టాస్క్ వ్యూ'లను పేర, విషయజ్ఞులు తమ శాస్త్రమునకు పనికివచ్చు ప్యాకేజీలను చదివి, ఏరి, విషయానుసారముగ వర్గీకరించి పెట్టుచున్నారు. భాండాగారమును గ్రంథాలయముగా మార్చు పని వారిది; తక్కినది గోదాము.

జీతము భత్యము లేక ప్యాకేజీలను రచించి లోకమునకు ధారపోయు మిత్రులకు నమస్కారము. తదుపరి ప్యాకేజీని భాండాగారమున చేర్చుటకు ముందు, ఇది ఏ పనికి, ఎవరికి, ఎచ్చట పనికిరాదు అని మూడు వాక్యములు వ్రాసి, మీ శాస్త్రము తెలియని యొకనిచేత చదివించుడు. అతడు తల గోకికొన్నచో, తిరిగి వ్రాయుడు.